అరవై నాలుగు పేజీలు

మీ అమ్మాయికి శ్రద్ధ లేదని మాత్రం అనకండి. ఇంకేమైనా అనండి. తల్లి కదా, అంటారు. నేనూ మా అమ్మాయిని అంటాను. ఆ ఒక్క మాట వద్దు. ఈ గదిలో అస్సలు వద్దు.

కూర్చోండి. ఆ కుర్చీ కాదండీ, దాని కాలు వదులు. ఇదుగో, ఈ స్టూలు. సంచీ కింద పెట్టండి. పరుపు కట్టడానికి తాడు కూడా తెచ్చుకున్నారా?

తెచ్చుకున్నారు. అన్నీ అనుకునే వచ్చారన్నమాట.

చీటీ చూశానండీ. గది నంబరు నాలుగు వందల పన్నెండు, కింద కోడు. మీ అమ్మాయి రాతే కదూ? ఆ సున్నా చూడండి, ఎంత గుండ్రంగా చుట్టిందో. శ్రద్ధ లేని పిల్ల సున్నా అలా ఉండదు.

ఇస్తాను, ఫారం ఇస్తాను. మిషన్లోనే ఉంది. మీరు మెట్లు దిగేలోపే పైనుంచి పంపింది. ఈ కోడు నొక్కితే బయటికొస్తుంది. ఒక్క కాగితం. 'గది ఖాళీ చేస్తున్నాను' అని. దాని మీద మీ ఇద్దరూ సంతకాలు పెట్టి ఆఫీసులో ఇచ్చారంటే ఇక అంతే. అప్పీలు ఉండదు, సీటు ఉండదు.

అప్పీలుకి ఐదింటి దాకా గడువుంది. ఇప్పుడు మూడున్నరే కదా? ఒక్క పావుగంట. నా మాట వినండి, ఆ తర్వాత మీ ఇష్టం.

ఏం లాభం అంటారా? వినండి, చెప్తాను.

నన్ను పిల్లలు ప్రింటు ఆంటీ అంటారు. ఈ కాలేజీ హాస్టల్లో అయిదంతస్తులు, మూడొందల మంది పిల్లలు, ఈ ఒక్క మిషను, నేను. పదకొండేళ్ళు. దీనికీ పేరు పెట్టారు, పెద్దమ్మ అని. కాగితం మింగుతుంది, ఎక్కడ మింగావే అంటే చెప్పదు. మూత తీసి, చెయ్యి పెట్టి, మనమే వెతుక్కోవాలి. "ఆంటీ, పెద్దమ్మ నా ప్రాజెక్టు తినేసింది" అని వస్తారు. నవ్వుకుంటాం.

పని ఇంతేనండీ. పిల్లలు గదుల్లోంచే ఫోన్లో పంపుతారు. పంపినవి మిషన్లో ఆగి ఉంటాయి. కిందికొచ్చి కోడు నొక్కితే వస్తాయి. ఒక రోజంతా ఎవరూ రాకపోతే దానంతటదే చెరిపేసుకుంటుంది. ఎవరి కాగితం వాళ్ళకే చేరాలని అలా పెట్టారు. మరిచిపోయి వదిలేసినవి ఉంటే నేను బోర్లా పెడతాను. చదవను. ఎవరి బతుకు వాళ్ళది.

చివరి తేదీల్లో మాత్రం కోడ్లు కుదరవు. వందమంది ఒకేసారి దిగుతారు. అప్పుడు ఈ కంప్యూటర్లోంచి నేనే వరసగా వదులుతాను. ఎవరు ముందు పంపితే వాళ్ళది ముందు. అదే నియమం.

ఆ శుక్రవారం కూడా అంతే.

మీ అమ్మాయి జబ్బుపడి ఒక టర్ము పోగొట్టుకుంది కదా. ఆ టర్ము కోసం సీటు పొడిగించమని దరఖాస్తు. ఆఖరి రోజు. మధ్యాహ్నం పన్నెండుకి ఆఫీసు కిటికీ మూసేస్తారు. రెండే రెండు పేజీలు. డాక్టరు సంతకం, గైడు సంతకం పెట్టిన కాగితాలు విడిగా పట్టుకుని అదిగో, ఆ తలుపు దగ్గర నిలబడింది. దరఖాస్తు పైన నల్లగీతల గుర్తు ఒకటుంటుంది. ఆఫీసులో దాని మీద లైటు పెడితే కంప్యూటరు చదువుకోవాలి. చదవకపోతే తీసుకోరు.

అవునండీ, చదవలేదు. గీతలు లేతగా వచ్చాయి. మీకు ఫోన్లో చెప్పే ఉంటుంది.

సేవర్ పెట్టి పంపిందనీ చెప్పిందా?

ఆ మాట మీకు అదే చెప్పిందా? దాని నోటితోనా?

...అయ్యో.

కాస్త ఆగండి. మంచినీళ్ళు తాగి చెప్తాను.

సేవర్ అంటే, పొడి పొదుపుగా వాడమని పిల్లలు పెట్టుకునే ఏర్పాటు. అక్షరాలు లేతగా వస్తాయి. చదువుకునే నోట్సుకి పెడతారు. దరఖాస్తుకి ఎవరూ పెట్టరు. మీ అమ్మాయీ పెట్టలేదు.

పెట్టలేదండీ. నాకు తెలుసు. కంప్యూటర్లో చూశాను. మామూలుగానే పంపింది. పొద్దున తొమ్మిదీ పదికి పంపింది. వరసలో పదకొండోది.

ఎలా లేతగా వచ్చిందంటారా? చెప్తున్నాను. అదే చెప్పడానికి కూర్చోబెట్టాను మిమ్మల్ని.

దీనికి టోనర్ అని ఒక డబ్బా ఉంటుంది. మసిలాంటి నల్లపొడి. అది అయిపోయే ముందు ఎర్రలైటు వెలుగుతుంది. ఆ లైటు ముందురోజే వెలిగింది. కొత్త డబ్బా మధ్యాహ్నం వస్తుందన్నారు. ఆఖరి తేదీకి ముందు ఇంకో డబ్బా దగ్గర పెట్టుకోవాలి, అది నా పని. చెప్పడం ఒక రోజు ఆలస్యం చేశాను. సరే, అదీ నా తప్పే, కానీ దానికి సర్దుకోవచ్చు. ఏళ్ళుగా చేస్తున్నాను కదా. డబ్బా తీసి, అటూ ఇటూ బాగా ఊపి పెడితే ఇంకో ఎనభై తొంభై పేజీలు నల్లగానే వస్తాయి. ఆ తర్వాతే పాలిపోతాయి.

లెక్క వేసుకున్నాను. దరఖాస్తులన్నీ రెండేసి పేజీలు. అప్పటికి ముప్ఫై మంది. సరిపోతుంది. ఊపి పెట్టాను. వదలడం మొదలుపెట్టాను.

అప్పుడు మా అమ్మాయి ఫోన్ చేసింది.

మా అమ్మాయి కూడా ఇక్కడే చదువుతోంది. మీకు తెలియదేమో. మెట్ల వెనకాల గది మాది. ఉద్యోగానికి ఇచ్చిన గది. సిబ్బంది పిల్లలకి ఒక సీటుంటుంది, అందులో చేరింది. ఇంకొక్క టర్ము ఉంది దానికి. వాళ్ళ నాన్న పోయాక ఆ గది, ఆ సీటు, ఇవే మాకు.

"అమ్మా, నోట్సు పంపాను, అరవై నాలుగు పేజీలు. నీకు రద్దీగా ఉంటే నెమ్మదిగా చూడు, తొందరేం లేదు" అంది.

తొందర లేదనే అంది. అది ముందు ఇమ్మని అడగలేదు. అది ఒట్టేసి చెప్తాను. దాన్ని ఏమీ అనుకోకండి.

ఆ నోట్సు దానికి మర్నాటికి కూడా అక్కర్లేదు. వారం తర్వాత పరీక్ష.

మరెందుకు చేశావంటే ఏం చెప్పను? ఇక్కడ అందరికీ అది ప్రింటు ఆంటీ కూతురు. "నీకేం, మీ అమ్మ ఉంది" అంటారు. నేనున్నందువల్ల దానికి దొరికిందేమిటో నాకు తెలియదు. అందరి కంటే వెనక నిలబడుతుంది, నాకు మాట వస్తుందని. మూడేళ్ళలో ఒక్కసారి కూడా వరస దాటలేదు. ఆ పొద్దున అందరి కాగితాలూ వరసగా వెళ్తుంటే, అన్నిటికంటే అడుగున దాని నంబరు చూశాను. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, నా ఉద్యోగం వల్ల నా పిల్లకి ఏదో ఒకటి ముందు దక్కాలనిపించింది.

ఇదుగో, ఈ బాణం గుర్తు. దీన్ని నొక్కితే అడుగున ఉన్నది పైకొస్తుంది.

నొక్కాను.

ఆపొచ్చు కదా అంటారు. నాకూ మధ్యలో అనిపించింది. ముప్ఫయ్యో పేజీ దగ్గర అనిపించింది. తలుపు దగ్గర పిల్లలు "ఆంటీ, ఏంటి ఇంతసేపు" అంటున్నారు. పెద్ద ఫైలు పడింది నాన్నా, ఆగండి అన్నాను. కాగితాలు బోర్లా పెట్టాను, ఎవరివో కనపడకుండా. అరవై నాలుగూ వచ్చాయి. నల్లగా, నిగనిగలాడుతూ.

మళ్ళీ వరస మొదలైంది. నాలుగైదు బాగానే వచ్చాయి. ఆ తర్వాతది మీ అమ్మాయిది.

బూడిదరంగులో వచ్చింది.

దాని చేతిలో పెట్టాను. అటూ ఇటూ తిప్పి చూసుకుంది. కిటికీ వెలుగులో పెట్టి చూసుకుంది. శ్రద్ధ లేదంటారేమిటండీ? అంతమందిలో అడిగింది అదొక్కతే. "ఆంటీ, ఇది పరవాలేదా?" అంది.

పరవాలేదు, వెళ్ళమ్మా అన్నాను.

నా మాట మీద వెళ్ళింది.

...

ఏడవకండి. మీరు ఏడిస్తే నేను చెప్పలేను. ఇంకా ఉంది.

ఆఫీసులో లైటు చదవలేదు. మళ్ళీ ప్రింటు తెచ్చుకో అన్నారట. పరుగెత్తుకుంటూ వచ్చింది. అప్పటికి పొడి పూర్తిగా అయిపోయింది. ఖాళీ డబ్బా చూపించాను. మిగిలిన పిల్లలంతా అప్పటికే రోడ్డు చివరి జిరాక్సు షాపుకి ఎగబడ్డారు. ఇదీ అక్కడికి పరుగెత్తింది. మిగతావాళ్ళకి పన్నెండులోపు అందింది. ఇది ఆఫీసుకి వెళ్ళి, వెనక్కి వచ్చి, ఆ షాపులో అందరికంటే వెనక నిలబడింది. కిటికీ మూశారు.

అది ఒక్క తప్పే అయితే మీ ముందు తలెత్తి కూర్చునేదాన్నేమో.

ఈ పుస్తకం చూడండి. మిషను లోపాల పుస్తకం. రోజూ సాయంత్రం రాయాలి. తేదీ, గది నంబరు, ఏం జరిగింది, కారణం. వార్డెన్ గారు వారానికోసారి చూస్తారు. పొడి అయిపోయిందని రాస్తే, ఆఖరి తేదీకి డబ్బా ఎందుకు లేదని అడుగుతారు. ఉన్న పొడి ఎటు పోయిందని కంప్యూటరు చూస్తారు. బాణం ఎవరు నొక్కారో, ఎవరిని పైకి తెచ్చారో అంతా అందులో ఉంటుంది. సొంత కూతురు. ఉద్యోగం ఉంచుతారా? ఉద్యోగం పోతే గది పోతుంది, గదితో పాటు దాని సీటు.

పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఈ లైను చదవండి.

'నాలుగు వందల పన్నెండు. విద్యార్థిని సేవర్ పెట్టి పంపింది.'

నా రాతే.

చిన్న లైనే కదా, ఎవరు చదువుతారులే అనుకున్నాను. మీ అమ్మాయి అప్పీలు పెట్టుకుంది. మిషను తప్పైతే దరఖాస్తు తీసుకుంటారు, ఆ నియమం ఉంది. వాళ్ళు ఈ పుస్తకం తెప్పించుకున్నారు. ఈ లైను చూపించి, నీ తప్పే కదమ్మా అన్నారు.

మర్నాడు నా దగ్గరికొచ్చింది. కోపంగా వస్తుందనుకున్నాను. కోపంగా వస్తే బావుండేది. ఇదుగో, మీరు కూర్చున్న చోటే నిలబడి, "ఆంటీ, నేను నిజంగా సేవర్ పెట్టానా? నాకు గుర్తు లేదు. ఆ రోజు కంగారులో ఉన్నాను, పెట్టానేమో" అంది.

నేనేమన్నానో తెలుసా? "ఏమో నాన్నా, ఉండొచ్చు" అన్నాను.

నేను రాసిన అబద్ధాన్ని అది నమ్మింది. తన మీద తనకున్న నమ్మకం కంటే నా మీద ఎక్కువ నమ్మకం. వెళ్తూ వెళ్తూ "థాంక్స్ ఆంటీ" కూడా అంది. పాడైపోయిన కాగితాలన్నీ వెనక్కి తిప్పి కుట్టి పిల్లలకి చిన్న పుస్తకాల్లా ఇస్తుంటాను. ఒకటి తీసుకోనా అని అడిగి తీసుకెళ్ళింది. మీకు ఇచ్చిన ఈ చీటీ అందులోంచి చింపిందే. ఇటు తిప్పి చూడండి, వెనక సగం అచ్చైన లెక్కలున్నాయి.

మీరు దాన్ని ఫోన్లో ఏమన్నారో నాకెందుకు? అనే ఉంటారు. రాగానే అన్నారు కదా, శ్రద్ధ లేదు, ఒళ్ళు దగ్గర పెట్టుకోదని. అది ఎదురు చెప్పలేదు, అవునా? ఎందుకు చెప్తుంది? అదీ అలాగే అనుకుంటోంది.

లేవకండి. ఇంకొక్క సంగతి. అక్కా అనొచ్చా మిమ్మల్ని?

...సరే. వద్దులెండి. ఏ మొహం పెట్టుకుని అడిగాను!

అప్పీలు ఇంకా కొట్టేయలేదు. వాళ్ళు వార్డెన్ గారి ద్వారా చీటీ పంపారు. ప్రింటు గది నుంచి చెప్పేది ఏమైనా ఉంటే ఐదో తేదీ ఐదింటిలోపు రాసివ్వమని. అంటే ఈ రోజు. ఈ వారంలో మూడుసార్లు రాశానండీ. ఉన్నదున్నట్టు. డబ్బా, బాణం, అరవై నాలుగు పేజీలు, పుస్తకంలో లైను. ఈ కంప్యూటర్లో టైపు చేసి మిషన్లోకి పంపాను. కోడు నొక్కాలి, కాగితం తీసుకోవాలి, సంతకం పెట్టి ఇచ్చి రావాలి. ఇరవై అడుగుల దూరం ఆఫీసు.

నొక్కలేదు. రేపు నొక్కుదాంలే అనుకున్నాను. ఒక రోజు దాటగానే మిషనే చెరిపేసింది. మళ్ళీ రాశాను. మళ్ళీ చెరిపేసింది. మూడోసారీ అంతే. నన్ను నేను తిట్టుకోవాల్సిన పని కూడా లేకుండా పెద్దమ్మే చూసుకుంది. పోగొట్టింది అది, నేను కాదు అనుకోవచ్చు కదా. అలా అనుకునే పడుకున్నాను.

నిన్న భోజనం దగ్గర మా అమ్మాయి అంది. "అమ్మా, నాలుగు వందల పన్నెండు రేపు ఖాళీ చేస్తోందట. పాపం మంచి పిల్లే. కాస్త సేవర్ చూసుకుని పంపొద్దూ?" అంది. ఆ అరవై నాలుగు పేజీలు పక్కనే ఉన్నాయి. పచ్చ గీతలు గీసుకుంటూ చదువుకుంటోంది.

కంచం పక్కకి తోశాను. ఏమ్మా అంది. కారం ఎక్కువైంది అన్నాను.

ఈ పొద్దున నాలుగోసారి రాశాను. మిషన్లో ఉంది. ఇప్పటికీ నొక్కలేదు. మీరు రాకపోయి ఉంటే నొక్కేదాన్నో కాదో, ఒట్టు వేయలేను. మీరు తాడు పట్టుకుని వచ్చి, శ్రద్ధ లేదు అన్నారు చూడండి...

నన్ను తిట్టండి. తిట్టరా? సరే. టైము చూడండి. నాలుగు కావస్తోంది.

ఇటు రండి. ఈ తెర మీద రెండే ఉన్నాయి. పైన నాలుగు వందల పన్నెండు, ఖాళీ చేసే ఫారం. దాని కింద నాది. అది కోడు నొక్కి తీసుకుని వెళ్ళిపోవచ్చు మీరు. మిమ్మల్ని నేను ఆపలేను.

లేదంటే ఇదుగో, బాణం.

మీరు నొక్కుతారా? వద్దు వద్దు, నేనే నొక్కాలి. ఆ రోజు నొక్కింది ఈ వేలే కదా.

హమ్మయ్య. పైకొచ్చింది.

ఇక కోడు. మా అమ్మాయి పుట్టినరోజు. దానికి తెలియదు, నా కోడు అదేనని. దీనివల్ల దానికి ఏమౌతుందో నాకు తెలుసు. తెలిసే నొక్కుతున్నాను. మీరేమీ అనుకోకండి. మా ఇంట్లో సంగతి నేను చూసుకుంటాను. ఏం చెప్తానా? చెప్తానండీ. మీకు చెప్పినదాంట్లో సగమైనా చెప్పగలిగితే చాలు. అది నా మొహం చూస్తుందో, తన నోట్సు చూసుకుంటుందో.

వస్తోంది, వినిపిస్తోందా? మొదట కాసేపు మూలుగుతుంది. ఇలాగే ఉంటుంది ప్రతిసారీ.

ఇదుగో. వేడిగా ఉంది, అంచు పట్టుకోండి. నల్లగా వచ్చిందా? వెలుగులో పెట్టి చూసుకోండి. నా మాట నమ్మకండి, మీరే చూసుకోండి. కొత్త డబ్బా వేశాం, బాగానే వస్తుంది.

సంతకం ఇక్కడ. తేదీ కూడా వేశాను. దీంతో పాటు ఈ పుస్తకం కూడా తీసుకెళ్ళి చూపించండి. ఇదుగో, ఆ లైను ఇప్పుడే కొట్టేసి, కింద అసలుది రాశాను. ఎడమవైపు మూడో తలుపు. అప్పీలు అని అడగండి. ఎవరూ లేకపోతే తలుపు కొట్టండి, ఐదింటి దాకా ఉండాలి వాళ్ళు. ఏదన్నా అడిగితే నన్ను పిలవమనండి. ఇక్కడే ఉంటాను. ఎక్కడికి పోతాను?

ముందు పైకి వెళ్ళి అమ్మాయికి చెప్తారా? వద్దండీ, ముందు కాగితం. తర్వాత చెప్పండి. తప్పు దానిది కాదని ముందు చెప్పండి. మిగతాది తర్వాత.

తాడు మరిచిపోయారు. పోనీ, ఉండనివ్వండి.

ఖాళీ చేసే ఫారమా? మిషన్లోనే ఉండనీయండి. ఎవరూ కోడు నొక్కకపోతే రేపు ఈపాటికి అదే చెరిగిపోతుంది. దాని నమూనా ఒకటి నా సొరుగులో ఉందిలెండి. మా గదికి నాకూ కావాలి కదా.